టాయిలెట్ తలుపుకు తాళం వేస్తే శుభ్రంగా ఉంటుందా?

పబ్లిక్ టాయిలెట్ల గురించి ఈ మధ్య ఒక వాదన బాగా వినిపిస్తోంది. అందరికీ బార్లా తెరిచి పెట్టడం వల్లే అవి పాడైపోతున్నాయని, తలుపుకు తాళం పెట్టి, ఎవరెప్పుడు వచ్చారో నమోదు చేసి, పాడుచేసినవాళ్లను మళ్లీ రానివ్వకపోతే జనమే దారికొస్తారని. ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే తలుపు తెరుచుకునే టాయిలెట్లు అమెరికా నగరాల్లో కనిపించడం మొదలయ్యాక ఈ మాటకు బలం పెరిగింది. బస్టాండు మరుగుదొడ్డిలోకి ఊపిరి బిగబట్టుకుని వెళ్లొచ్చిన ఎవరికైనా ఇది సబబుగానే అనిపిస్తుంది.

ఎదుటి వాదన కూడా తేలికైనదేం కాదు. ఆపుకోలేని అవసరానికి డబ్బు, ఫోను, పేరు నమోదు ఎందుకు అడగాలి? 2025 జనవరి 15న సుప్రీంకోర్టు అన్ని కోర్టుల్లోనూ మహిళలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు టాయిలెట్లు ఉండాలని ఆదేశిస్తూ, ఈ సదుపాయాన్ని రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కుతో ముడిపెట్టింది. హక్కు అయినదానికి తాళం ఏమిటని అడిగేవాళ్ల ప్రశ్న న్యాయమైనదే.

ఇద్దరి వాదనా ఒకరికొకరికి అందకపోవడానికి కారణం, ఇందులో రెండు మూడు వేర్వేరు విషయాలు ఒకే ముద్దగా కలిసిపోవడం. ముందు వాటిని విడదీసి చూద్దాం.

లోపలికి రానివ్వడం ఒకటి, జవాబు అడగడం ఇంకొకటి

లోపలికి ఎవరు, ఎప్పుడు, ఏ షరతుల మీద రావచ్చో నిర్ణయించడం ప్రవేశ నియంత్రణ. గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని డబ్బులు తీసుకునే మనిషి, నాణెం వేస్తే తెరుచుకునే తలుపు, కాలనీవాళ్ల దగ్గర మాత్రమే ఉండే తాళంచెవి, ఫోన్‌తో తెరిచే తాళం, రాత్రి పదికి గేటు మూసేయడం, అన్నీ దీని కిందికే వస్తాయి.

లోపల జరిగినదానికి ఎవరిని అడగగలం అన్నది జవాబుదారీతనం. అడిగేది ఒకరు, చెప్పాల్సింది ఒకరు, ఏం జరిగిందో తెలిసే దారి ఒకటి ఉంటేనే అది పనిచేస్తుంది. చెప్పాల్సినవాళ్లలో వాడేవాళ్లు ఉంటారు, నడిపే కాంట్రాక్టరు ఉంటాడు, కాంట్రాక్టు ఇచ్చిన మున్సిపాలిటీ ఉంటుంది.

ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది రాదు. ఐదు రూపాయలు తీసుకుని లోపలికి పంపిన మనిషి, మీరు బయటికొచ్చాక లోపల ఎలా ఉందో చూడకపోతే అక్కడ నియంత్రణ ఉంది, జవాబుదారీ లేదు. తాళం అసలే లేని టాయిలెట్‌ను గంటకోసారి ఒకరు చూసి, కడిగి, గోడ మీది కార్డులో సంతకం పెడుతుంటే అక్కడ జవాబుదారీ ఉంది, నియంత్రణ లేదు. ఆ రెండో టాయిలెటే శుభ్రంగా ఉంటుందన్నది చాలామందికి అనుభవమే.

ఇంకో తేడా కూడా మనసులో పెట్టుకోవాలి. బస్టాండు, సంత, గుడి లాంటి చోట్ల దారినపోయేవాళ్లు వాడేవి పబ్లిక్ టాయిలెట్లు. ఇంట్లో మరుగుదొడ్డి లేని బస్తీవాళ్లు రోజూ వాడుకునేవి కమ్యూనిటీ టాయిలెట్లు. మొదటిదానికి వచ్చేది ముఖం తెలియని జనం, రెండోదానికి వచ్చేది ఇరుగుపొరుగు. ఒకదానికి కుదిరిన పద్ధతి రెండోదానికి కుదరాలని లేదు.

మురికి ఎక్కడ మొదలవుతుంది

జనానికి బుద్ధి లేదు అనే మాటతోనే చాలా చర్చలు ముగిసిపోతాయి. నిజానికి ఒక టాయిలెట్ ఎలా పాడవుతుందో దగ్గరగా గమనిస్తే వరస వేరుగా ఉంటుంది. పొద్దున్నే కడిగారు, బాగుంది. తొమ్మిదింటికి ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. తర్వాత వెళ్లిన మనిషి ఫ్లష్ నొక్కితే గాలి శబ్దం తప్ప నీళ్లు రాలేదు. మగ్గు ఉంది, బకెట్ ఖాళీ. అలాగే వదిలేసి రావడం తప్ప చేయగలిగింది లేదు. ఆ వెనక వచ్చినవారు అది చూసి లోపలికి కాలు పెట్టలేక గుమ్మం దగ్గరే పని కానిచ్చారు. పదింటికల్లా నేలంతా తడి, బురద కాళ్ల గుర్తులు. పదకొండుకు వచ్చినవాళ్లకు అది మొత్తం జనం చేసిన దుర్మార్గంలా కనిపిస్తుంది. మొదలు మాత్రం నీళ్ల దగ్గర ఉంది.

పాడైనదాన్ని చూసినవాళ్లు ఇంకా పాడుచేస్తారన్నది కొలిచి చూసిన విషయమే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో పరిశోధకులు నిలిపి ఉన్న సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి, వాటిని ఎంతమంది నేల మీద పారేస్తారో లెక్కపెట్టారు. పక్క గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది పారేశారు. అదే గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. గోడ ఒక్కటి మారేసరికి నడవడి అంత మారింది.

అంటే, మొదటి మరకకూ దాన్ని తుడవడానికీ మధ్య గడిచే సమయమే అసలు శత్రువు. తాళమైనా, రుసుమైనా, ఫోన్ యాప్ అయినా ఆ సమయాన్ని తగ్గిస్తోందా లేదా అన్నదే నేను చూసే కొలబద్ద.

టేబుల్, చిల్లర డబ్బా వెనక ఉన్న లెక్క

మన దేశంలో డబ్బిచ్చి వాడుకునే పద్ధతికి దారి చూపింది సులభ్. బిందేశ్వర్ పాఠక్ 1970లో బీహార్‌లో ఆ సంస్థను పెట్టారు. 1974లో పట్నాలో 48 సీట్లతో తెరిచిన టాయిలెట్ కాంప్లెక్స్‌కు జనం డబ్బిచ్చి వస్తారా అని అప్పట్లో చాలామంది అనుమానపడ్డారు. వచ్చారు. అక్కడ పనిచేసింది రుసుమొక్కటే కాదు, రోజంతా అక్కడే ఉండి కడిగే మనిషి కూడా. ఆ తర్వాత ఎవరు నడిపినా సరే, మనవాళ్లు సులభ్ కాంప్లెక్స్ అనే పిలవడం అలవాటైపోయింది.

రుసుముతో టాయిలెట్ నడుస్తుందా అన్నది చోటును బట్టి ఉంటుంది. ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. పది సీట్ల కాంప్లెక్స్, రెండు షిఫ్టులు. ఒక్కో షిఫ్టుకు డబ్బులు తీసుకునేవారు ఒకరు, కడిగేవారు ఒకరు, మొత్తం నలుగురు. ఒక్కొక్కరికి నెలకు 15 వేల చొప్పున 60 వేలు. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్, నీళ్లు, కరెంటు, రిపేర్లు కలిపి ఇంకో 20 వేలు. నెలకు 80 వేలంటే రోజుకు సుమారు 2,670 రూపాయలు. మనిషికి ఐదు రూపాయల చొప్పున, రోజుకు 534 మంది డబ్బిచ్చి వాడితే సరికి సరి.

పెద్ద బస్టాండులో 1,500 మంది వస్తారు, లాభమే. చిన్న మార్కెట్ వీధిలో 200 మంది వస్తారు. అక్కడ రాబడి రోజుకు వెయ్యి, నెల తిరిగేసరికి 50 వేల లోటు. కాంట్రాక్టరు మొదట తగ్గించేది డబ్బులు తీసుకునే మనిషిని కాదు, కడిగే మనిషిని. డబ్బులు తీసుకునే మనిషి రాబడి తెస్తాడు, కడిగే మనిషి ఖర్చు. జవాబుదారీ పోయి నియంత్రణ ఒక్కటే మిగలడం ఇలాగే జరుగుతుంది.

లాభమొచ్చే చోట ఇంకో చిక్కు ఉంది. ఆ చోట్లను వేలం వేసి, ఎక్కువ పాడినవారికి ఇస్తే, పాట డబ్బు రాబట్టుకోవడానికి బోర్డు మీద ఐదు రాసి ఉన్నా చేతికి పది అడుగుతారు. బస్సు కదిలిపోతుందన్న టెన్షన్‌లో ఉన్నవారు బోర్డు చూపించి కొట్లాడరు. ఇక్కడ ముందు జవాబు చెప్పాల్సింది వాడేవాళ్లు కాదు.

రుసుము మానేసి ఖర్చును ఇంకో దారిలో రాబట్టే ప్రయత్నాలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లో 2018 ప్రాంతంలో వచ్చిన లూ కేఫ్‌లలో టాయిలెట్ ఉచితం, పక్కనే ఉన్న కేఫ్ రాబడితో నిర్వహణ. జనం ఆగి టీ తాగే చోట ఈ లెక్క కుదురుతుంది. జర్మనీ హైవేల మీది సానిఫేర్‌లో గేటు దగ్గర ఇచ్చిన డబ్బుకు కూపన్ వస్తుంది, దాన్ని అక్కడి దుకాణంలో ఖర్చుపెట్టుకోవచ్చు. 2022 నవంబరు నుంచి ప్రవేశం ఒక యూరో, కూపన్ కూడా ఒక యూరో.

మనిషి లేకుండా యంత్రమే కాపలా కాస్తే

టేబుల్ దగ్గరి మనిషి ఎక్కువ అడుగుతున్నాడు, కడగడం లేదు అనుకున్నప్పుడు వచ్చే తరవాతి ఆలోచన, మనిషినే తీసేయడం. పారిస్ వీధుల్లో 1980ల మొదట్లో వచ్చిన సానిజెట్‌లు ఆ రకానివే. ఒకరు బయటికి రాగానే తలుపు మూసుకుని లోపలంతా దానంతటదే కడుక్కుంటుంది. 2006 నుంచి వాటికి డబ్బు తీసుకోవడం కూడా మానేశారు. మన దగ్గర కేరళలో తయారైన ఈ-టాయిలెట్లు చెన్నై, బెంగళూరు, విశాఖపట్నం లాంటి నగరాల్లో పెట్టారు. నాణెం వేస్తే తలుపు తెరుచుకోవడం, అడుగుపెట్టే ముందే ఫ్లష్ కావడం, కొంతమంది వాడాక నేల దానంతటదే కడుక్కోవడం వీటి ప్రత్యేకత.

ఆలోచన మంచిదే. కానీ నీళ్లు, కరెంటు, సెన్సరు, నాణెం పట్టే మీట, ఈ నాలుగూ ఒకేసారి పనిచేస్తేనే అది టాయిలెట్. ఒకటి ఆగితే మిగతావి ఉన్నా లాభం లేదు. రిపేరు చేసే మనిషి త్వరగా రాని చోట చాలా యంత్రాలు నెలల తరబడి మూతపడ్డాయి. పైగా లోపల తలుపు బిగుసుకుపోతుందేమోనన్న భయంతో చాలామంది ఆడవాళ్లు, పెద్దవాళ్లు వాటి జోలికే వెళ్లలేదు.

డబ్బున్న నగరాలకూ ఇది తప్పలేదు. అమెరికాలోని సియాటిల్ నగరం 2004లో ఐదు ఆటోమేటిక్ టాయిలెట్లు పెట్టి, సుమారు 50 లక్షల డాలర్లు ఖర్చు చేసింది. మూసి ఉన్న గది, చూసే మనిషి లేడు. మాదకద్రవ్యాలు వాడేవాళ్లకు అవి చాటయ్యాయి. 2008లో వాటిని ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో సుమారు 12,500 డాలర్లకు అమ్మేసింది. అదే ఏడాది పక్క రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టింది. పోర్ట్‌లాండ్ లూ అనే ఉక్కు గదికి పైనా కిందా సందులు ఉంటాయి. లోపల ఎవరైనా ఉన్నారా, ఎన్ని కాళ్లు ఉన్నాయి అన్నది బయటికి తెలుస్తుంది. చేతులు కడుక్కునే కుళాయి బయటే ఉంటుంది కాబట్టి లోపల ఎక్కువసేపు ఉండాల్సిన పని లేదు. శాన్ ఫ్రాన్సిస్కో 2014లో పిట్ స్టాప్ పేరుతో ఇంకా సాదా పని చేసింది. టాయిలెట్ పక్కన జీతం ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టింది. నా మటుకు ఆ మూడోదే అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు.

మీరెవరో తెలిసిన తలుపు

ఇప్పుడు చర్చ అంతా నడుస్తున్నది దీని మీదే. థ్రోన్ అనే అమెరికన్ కంపెనీ టాయిలెట్లను వాషింగ్టన్ ప్రాంతంలోనూ, లాస్ ఏంజిలిస్ మెట్రో స్టేషన్ల దగ్గరా, మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లోనూ పెట్టారు. వాడేవాళ్లు డబ్బు ఇవ్వక్కర్లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి, లేదా మెసేజ్ పంపాలి. ఫోన్ లేనివాళ్లకు కార్డులు ఇచ్చే ఏర్పాటు ఉంది. పది నిమిషాల గడువు. లోపల శుభ్రం ఎలా ఉందో మార్కులు వేయమని అడుగుతారు. పదే పదే పాడుచేసేవాళ్లకు హెచ్చరిక, తర్వాత ప్రవేశం రద్దు.

ఎవరు పాడుచేశారో కెమెరా లేకుండా ఎలా తెలుస్తుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం. 10:40కి ఒకామె వెళ్లింది, శుభ్రంగా ఉందని ఐదుకు ఐదు వేసింది. 10:47కి ఒకాయన వెళ్లాడు, ఒకటి వేశాడు. మధ్యలో ఇంకెవరూ రాలేదు. అనుమానం 10:40 మీద పడుతుంది. కానీ ఇది రుజువు కాదు. ఫ్లష్ ట్యాంకు నిండకపోయి ఉండవచ్చు. ఆమెకు విరేచనాలు పట్టుకుని ఉండవచ్చు, చిన్నపిల్లను తీసుకెళ్లి ఉండవచ్చు. ఆయన చిరాకులో తక్కువ వేసి ఉండవచ్చు. ఒకే ఖాతా వెనక వచ్చినవాళ్లు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు టాయిలెట్లలో, వరసగా ఒకటి వేస్తూ పోతే మాత్రం అది యాదృచ్ఛికం కాదని చెప్పవచ్చు.

ఈ పద్ధతికి మార్కులే ప్రాణం. మధ్యలో ఇద్దరు మార్కులు వేయకుండా వెళ్లిపోతే ముడి తెగిపోతుంది. అయితే దీని గొప్ప ఉపయోగం దోషిని పట్టుకోవడం కాదని నాకనిపిస్తుంది. 10:47కే నిర్వాహకులకు తెలిసింది. కడిగే మనిషి మధ్యాహ్నం దాకా ఆగకుండా అప్పుడే రావచ్చు. మురికికీ తుడవడానికీ మధ్య సమయం తగ్గింది. దీనికి తలుపు తాళం కూడా అక్కర్లేదు, ఎయిర్‌పోర్టుల్లో నవ్వుముఖం, ఏడుపుముఖం బటన్ల పెట్టె చేసే పని ఇదే.

జరిమానాతోనే సరిపోతుందా అంటే సింగపూర్‌ను చూడాలి. వాడాక ఫ్లష్ చేయకపోతే జరిమానా అని అక్కడ 1989లోనే చట్టం తెచ్చారు. అంత గట్టిగా అమలు చేసే దేశం కూడా 2024 జనవరిలో పబ్లిక్ టాయిలెట్ల కోసం ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వేసుకోవాల్సి వచ్చింది.

గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు

తాళం వేసిన టాయిలెట్ శుభ్రంగా కనిపించడానికి ఒక కారణం, తక్కువమంది రావడం. మరి రానివాళ్లు ఎక్కడికి వెళ్లారు?

లక్నో, కాన్పూర్ బస్తీల్లోని 110 కమ్యూనిటీ టాయిలెట్ల మీద ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. నిర్వహణకు డబ్బిచ్చి, బాగా నడిపితే ప్రోత్సాహకం కూడా ఇచ్చారు. టాయిలెట్లు బాగుపడ్డాయి. డబ్బివ్వకుండా వాడేవాళ్లు తగ్గారు. దాంతోపాటే డబ్బివ్వలేనివాళ్లూ టాయిలెట్‌కు దూరమయ్యారు, ఆరుబయటికి వెళ్లేవాళ్లు పెరిగారు. లోపల నేల మెరిసింది, బస్తీలో రోగాల ముప్పు పెరిగింది. టాయిలెట్‌ను మాత్రమే కొలిస్తే ఇది విజయం, బస్తీని కొలిస్తే కాదు.

ఐదు రూపాయలు ఒక లెక్కా అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. బండి మీద కూరగాయలు అమ్ముకునే ఆమె పొద్దుటినుంచి రాత్రిదాకా రోడ్డు మీదే ఉంటుంది. నాలుగుసార్లు వెళ్తే ఇరవై, నెలకు ఆరువందలు. ఆ డబ్బు మిగుల్చుకోవడానికి నీళ్లు తాగడం మానేస్తుంది. ముంబయిలో 2011లో మొదలైన రైట్ టు పీ (మూత్రవిసర్జన హక్కు) ఉద్యమం ఎత్తి చూపింది ఇదే: మగవాళ్లకు మూత్రశాల ఉచితం, ఆడవాళ్లకు అదే పనికి డబ్బు. కాలిఫోర్నియా శాసనసభ్యురాలు మార్చ్ ఫాంగ్ యూ ఇదే అన్యాయం మీద 1969లో చట్టసభ మెట్ల మీద టాయిలెట్ కమోడ్‌ను పగలగొట్టి నిరసన తెలిపారు. 1974లో ఆ రాష్ట్రం పే టాయిలెట్లను నిషేధించింది.

ఆ కథలో రెండో సగం కూడా చెప్పుకోవాలి. 1970లో అమెరికాలో సుమారు 50 వేల పే టాయిలెట్లు ఉండేవని అంచనా. ఒక్కో నగరం, రాష్ట్రం నిషేధిస్తూ పోగా పదేళ్లలో దాదాపు అన్నీ మాయమయ్యాయి. వాటి స్థానంలో ప్రభుత్వ ఖర్చుతో ఉచిత టాయిలెట్లు రాలేదు. ఈరోజు అక్కడ ఫోన్‌తో తెరిచే తలుపులకు గిరాకీ ఉందంటే ఆ ఖాళీ వల్లే. నిర్వహణ డబ్బు ఎవరిస్తారో తేల్చకుండా రుసుము ఎత్తేస్తే ఉన్నవి కూడా పోతాయి. 2020లో హైదరాబాద్‌లో దాదాపు మూడు వేలు లక్ష్యంగా పెట్టుకుని రోడ్ల పక్కన హడావుడిగా నిలబెట్టిన టాయిలెట్లలో చాలావాటికి నీళ్లు లేక, తలుపులు ఊడిపోయి ఏ గతి పట్టిందో నగరంలో తిరిగేవాళ్లకు తెలుసు. కట్టడానికి నిధులు దొరికాయి, కడగడానికి దొరకలేదు.

తాళంచెవి ఇరుగుపొరుగు చేతిలో ఉంటే

వాడేవాళ్ల జవాబుదారీ నిజంగా పండేది ముఖాలు తెలిసిన చోట. పుణెలో 1999 నుంచి 2001 మధ్య మున్సిపల్ కార్పొరేషన్, స్పార్క్ అనే స్వచ్ఛంద సంస్థ, మహిళా మిలన్ అనే బస్తీ మహిళల సంఘాలు కలిసి బస్తీల్లో పెద్ద ఎత్తున టాయిలెట్లు కట్టాయి. తలకింత అని కాకుండా కుటుంబానికి నెలకో పాసు. ఇంట్లో ఎంతమందున్నా, ఎన్నిసార్లు వెళ్లినా అదే. కాపలా చూసే కుటుంబానికి టాయిలెట్ల దగ్గరే గది. పిల్లలకు వేరే చిన్న సీట్లు, దాంతో పెద్దల వరసలో పిల్లలు తోపులాటకు గురై బయటే కూర్చోవాల్సిన పని తప్పింది. తిరుచ్చిలో బస్తీ మహిళల బృందాలే గుమ్మం దగ్గర వంతులవారీగా కూర్చుని టోకెన్లు ఇచ్చి, లెక్కలు రాసి నడిపాయి.

ఇక్కడ తాళం ఉంది, రుసుము ఉంది, జవాబుదారీ కూడా ఉంది. కానీ గుమ్మం దగ్గర కూర్చున్నామె అదే టాయిలెట్ వాడుతుంది. పక్కింటి పిల్లాడు పాడుచేస్తే వాళ్లమ్మతో చెబుతుంది. డబ్బు లేనినాడు రేపివ్వమంటుంది. ఉమ్మడి వనరుల మీద జీవితమంతా పనిచేసి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పిన షరతులు దాదాపు ఇవే: ఎవరు వాడవచ్చో స్పష్టంగా ఉండాలి, చూసేవాళ్లు వాడేవాళ్లలో నుంచే రావాలి, శిక్ష చిన్నదానితో మొదలై మెల్లగా పెరగాలి. ఫోన్ తాళం మొదటిదాన్ని, మూడోదాన్ని అనుకరించగలదు. రెండోది దాని చేతిలో లేదు. దారినపోయే జనంతో నిండే బస్టాండుకు ఈ ఇరుగుపొరుగు పద్ధతిని తెచ్చి అంటించడమూ కుదరదు.

ఒకటి అని మార్కు పడితే కోత ఎవరికి

ఈ చర్చలో ఎక్కడా పేరు రాని మనిషి, లోపలికి చీపురుతో వెళ్లే మనిషి. మన సమాజం ఈ పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టింది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పాకీపని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా దాని మీద పోరాడారు, 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో కొత్త చట్టం కూడా వచ్చింది. అయినా గ్లౌజులు, బూట్లు లేకుండా, పొడవైన బ్రష్ కూడా లేకుండా యాసిడ్ సీసాతో లోపలికి వెళ్లేవాళ్లను ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

మార్కుల పద్ధతి వచ్చిన చోట ఒక ప్రమాదం పొంచి ఉంది. వాడినవారు ఒకటి వేస్తారు. అది డ్యాష్‌బోర్డులో ఎర్రగా కనిపిస్తుంది. మున్సిపాలిటీ కాంట్రాక్టరుకు జరిమానా వేస్తుంది. కాంట్రాక్టరు కడిగే ఆమె జీతంలో కోస్తాడు. నీళ్లు రాకపోవడం ఆమె తప్పు కాదు, పాడుచేసింది ఆమె కాదు, ఒక్కర్తే మూడు బ్లాకులు చూడాల్సి రావడం ఆమె పెట్టిన ఏర్పాటు కాదు. వాడేవాళ్ల జవాబుదారీ అని మొదలైనది, జవాబు చెప్పే శక్తి అందరికన్నా తక్కువ ఉన్న మనిషి దగ్గర ఆగుతుంది.

దీన్ని ఆపగలిగేది టెండరు కాగితమే. కాంట్రాక్టరు రాబడి గుమ్మం దగ్గరి చిల్లర మీద కాకుండా మున్సిపాలిటీ తనిఖీ చేసి ఇచ్చే నెలవారీ చెల్లింపు మీద ఆధారపడేలా రాస్తే, ఎక్కువ వసూలు చేయాలన్న ఆశ తగ్గుతుంది, జనం తక్కువగా వచ్చే చోటా కడిగే మనిషి నిలుస్తుంది. ఎన్ని సీట్లకు ఒక మనిషి, జీతం నేరుగా బ్యాంకు ఖాతాకా కాదా, నీళ్లు ఆగిన గంటల్లో వచ్చిన మార్కులను లెక్కలో నుంచి తీసేస్తారా, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాల్సినవి. కొత్త తలుపులు వస్తున్నాయని మీ ఊళ్లో ప్రకటిస్తే, తలుపు ఎలా తెరుచుకుంటుందో చెప్పే వీడియో కన్నా ముందు అడగాల్సింది ఆ టెండరు ప్రతి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే మున్సిపాలిటీ దాన్ని ఇవ్వాలి.